పెరటి కోడి కాలు

ధవళేశ్వరమునకు వచ్చువారు సాధారణముగా రెండు మూడు చూచి వెళ్ళుదురు. గోదావరిపైని బారేజి, కాటన్ దొర పేరిట వెలసిన మ్యూజియము, కొండమీది జనార్దనస్వామి కోవెల. మేమును వచ్చినప్పుడెల్ల అవియే చూచుచుంటిమి. కాని గడచిన కార్తిక మాసమున వేరొక పని మీద ఆ ఊరు వచ్చి, కాలువగట్టు దిగువనున్న ఒక వీధిలో, ఒక ఇంటి పెరటిలో, గంటన్నరసేపు ఒక కోడి కాళ్ళు చూచుచు కూర్చుంటిమి. ఈనాటి మా ప్రసంగమునకు విషయము ఆ కాళ్ళే.

ఆ ఇంటి యజమానురాలు అరువదేండ్లు దాటిన ఇల్లాలు. కొడుకు బారేజికి ఆవల బొబ్బర్లంకలో ఒక కొబ్బరి వర్తకుని వద్ద పనిచేయుచున్నాడు. ఇంటిఖర్చంతయు అతని చేతిమీదుగా నడచును. ఆమె చేతిలో ఆడు పైకము మాత్రము కోళ్ళది. ఏడు పెట్టలు, ఒక పుంజు. నాటుకోడి గ్రుడ్లకు ఇరుగుపొరుగుననే గిరాకి ఉన్నది గనుక వానిని సంతకు మోయనవసరము లేదు. మనుమరాలికి గాజులు కొన్నను, గుడిలో హారతిపళ్ళెమున వేసినను, తన మోకాళ్ళ నొప్పులకు తైలము తెప్పించుకొన్నను ఆ డబ్బే. ఏడింటిలోను పెద్దది ఒక గోధుమవన్నె పెట్ట. పొదిగిన ప్రతిసారియు పది పన్నెండు పిల్లలను దింపి, గ్రద్దకు చిక్కకుండ పెంచిన తల్లి అది. మేము వెళ్ళునప్పటికి ఆ పెట్ట గంపక్రింద ఉన్నది.

"దీనిని మూసినారేమమ్మా?" అని మేమడిగితిమి.

"దీనికి బోదకాలొచ్చిందండి బాబూ. కుంటుతుంది. సాయంత్రం కోళ్ళబ్బాయి వత్తాడు, ఎంతిత్తే అంతకి ఇచ్చేత్తాను" అని ఆమె చెప్పినది.

"తక్కిన కోళ్ళ కాళ్ళు ఎట్లున్నవి?"

"కోడి కాళ్ళెవరు చూత్తారండీ?" అని ఆమె నవ్వినది.

గంప ఎత్తించి పెట్టను చేతికి తీసికొని చూచితిమి. పాత పెంకుటింటి కప్పు మీద కోతులు తిరిగిపోయిన తరువాత పెంకులెట్లు లేచి ఒకదానికొకటి పొందిక లేక ఉండునో, ఆ పెట్ట కాలిమీది పొలుసులట్లు లేచి ఉన్నవి. వాని సందులలో సున్నపు పిండివంటి తెల్లని పొడి. వ్రేళ్ళ మొదళ్ళలో పొడి గట్టిపడి పెచ్చులు కట్టినది. కాలు ఉండవలసిన దానికి ఇంచుమించు రెండింతలు లావెక్కినది. వ్రేళ్ళు ముడుచుకొనలేక చాచినవి చాచినట్లే ఉన్నవి. కంటికి కనబడినదానిని బట్టి ఆ ఇల్లాలు బోదకాలనుటలో తప్పేమియు లేదు. ఈ డెల్టాలో బోదకాలు చూడనివారుండరు. అయితే మనుష్యుల బోదకాలు దోమకాటు వలన లోపల చేరు సన్నని పురుగు వలన వచ్చునది. కోడికి వచ్చినది అది కాదు. ఇది పైపొలుసు క్రింద దూరి కాపురముండు గజ్జిపురుగు పని. గోధుమవన్నె పెట్టను అమ్మనవసరము లేదు. ఆమె వంటింటిలోని కొబ్బరినూనె సీసాతోనే అది చాలవరకు నయము కాగలదు. ఈ మాట ఆమెకు నచ్చచెప్పుటకే మాకు గంటన్నర పట్టినది.

మేము పశువైద్యులము కాము. పాడిపంటల ప్రసంగములకై ఏండ్ల తరబడి పశువైద్యులను మైక్రోఫోను ముందు కూర్చుండబెట్టి ప్రశ్నలడుగుటయే మా వృత్తి. వారి వలన విన్నదానిని, గ్రంథములలో సరిచూచుకొన్నదానిని ఇచట చెప్పుచున్నాము.

కోడి మోకాలు వెనుకకు వంగునని మనమందరము అనుకొందుము. వెనుకకు వంగునది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు ఈకల చాటున పొట్ట ప్రక్కన ఉండును. మడమ నుండి వ్రేళ్ళ వరకు మనకు కనబడు బోడికాలు నిజమునకు పాదములోని భాగమే. ఆ భాగమున ఈకలకు బదులు పొలుసులుండును. మన గోళ్ళు ఏ పదార్థముతో ఏర్పడినవో ఆ పొలుసులును ఆ పదార్థముతోనే ఏర్పడినవి. పైపొలుసు క్రిందిపొలుసు మీద కొంచెము కప్పి, నీరు జారిపోవునట్లు అమరి ఉండును. ఆరోగ్యముగల కోడి కాలిని వ్రేలితో పైనుండి క్రిందికి నిమిరినచో నున్నగా జారును. వేసవిలో ఒంటివేడి కొంత బయటకు పోవునదియు ఈ కాళ్ళ ద్వారానే. రోహిణీ కార్తె ఎండలలో కోళ్ళు నూతిచపటా వద్ద తడిలో నిలబడుటకు కారణమిదియే.

ఈ పొలుసుల క్రిందికి చేరు పురుగు శాస్త్రనామము క్నెమిడోకాప్టిస్ మ్యుటాన్స్. 1859లో రోబిన్, లాంకెటిన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని మొదట వర్ణించిరి. పేరులోని గ్రీకు మాటలకు పిక్క అనియు, కోయుట అనియు అర్థములు. పిక్కను కోయునది అనుకొనవచ్చును. పేరు పెట్టినవారు దాని పని బాగుగనే చూచిరి. పురుగు పొడవు అర మిల్లీమీటరునకు మించదు గనుక మన కంటికి ఆనదు. మనకు గజ్జి కలిగించు పురుగునకు ఇది దూరపు చుట్టము. అయినను కోడినుండి మనిషికి అంటదు గనుక ఇంటివారు భయపడవలసిన పని లేదు. ఆడపురుగు పొలుసు క్రింద సొరంగము తొలిచికొని అందే ఉండును. గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. ఆ పిల్లలకు ఆరు కాళ్ళు, పెద్దవగునప్పటికి ఎనిమిది. పుట్టుట, పెరుగుట, చచ్చుట సర్వము కోడి ఒంటిమీదనే. అది తినునది పొలుసులోని కొమ్ముపదార్థము. మనకు కనబడు తెల్లని పొడి, ఆ పురుగులు తిని వదలిన రద్దును, చర్మము ఊరి వెలువరించు రసము ఎండిన పొడియును కలిసినది.

ఇది ఒకనాడు వచ్చి మరునాడు ముదురు జబ్బు కాదు. మొదట వ్రేళ్ళమీదను, వ్రేళ్ళ మొదళ్ళలోను ప్రారంభమై, నెలల తరబడి మెల్లగా పైకి ప్రాకును. రాత్రులు ఒకే కర్రమీద ఒరుసుకొని కూర్చుండు కోళ్ళలో ఒకదానినుండి మరొకదానికి సోకును. ఎక్కువగా ముసలి కోళ్ళకే ముదురును. పెద్ద ఫారములలో తీగల గూళ్ళయందుంచు గ్రుడ్ల కోళ్ళకు ఇది అరుదు. అనపర్తి, తణుకు ప్రాంతముల ఫారములవారిని అడిగినచో ఈ జబ్బు చూచి ఎన్నాళ్ళైనదో వారు చెప్పలేరు. ఏడాదిన్నర, రెండేండ్లు నిండగనే ఆ కోళ్ళను తీసివేయుదురు గనుక పురుగు ముదురుటకు వ్యవధి చాలదు. పెరటి పెట్ట సంగతి వేరు. అది మూడేండ్లు, నాలుగేండ్లు, ఇంటివారికి మక్కువైనచో అంతకన్న ఎక్కువ కాలమును బ్రతుకును. అనగా ఈ జబ్బు, మనము ఆపేక్షతో అట్టిపెట్టుకొన్న కోడికే వచ్చును.

ఇది కొద్ది ఇండ్ల సమస్య కాదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారము మన దేశమున పెరటి కోళ్ళు మొదలగు పెంపుడు పక్షులు 31 కోట్ల 70 లక్షలు. అంతకు ముందరి 2012 లెక్కకన్న ఇది 45 శాతమునకు పైగా అధికము. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటికని తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులను తెచ్చి పెంచువారును పెరిగిరి. జాతి ఏదైనను కాలిమీద పొలుసుండును గదా.

ఈ పురుగు కోడిని చంపునా అని అడుగవచ్చును. నేరుగా చంపదు. అందుచేతనే ఎవరును పట్టించుకొనరు. రాత్రులు దురద వలన కోడి నిద్రపోదు, కాళ్ళను తానే పొడుచుకొనును. కాలు బిగిసి కుంటును. కుంటుకోడి మేతవద్దకు చివరకు వచ్చి, చివరకు మిగిలినది తినును. తక్కినవి దానిని పొడిచి తరుమును. చిక్కిన కోడి గ్రుడ్లు తగ్గించును. పెచ్చుల బిగువునకు రక్తము ఆడక వ్రేలి చివరలు రాలిపోవుటయు కలదు. అప్పుడు ఇంటివారు కోడి ముసలిదైనదని తలచి కోతకిచ్చెదరు. ముసలితనము కొంత నిజమే కావచ్చును, కాని కాళ్ళు చూడకయే ఆ తీర్పు చెప్పుచున్నాము.

"కోడి కాళ్ళెవరు చూత్తారండీ" అన్న ఆ ఇల్లాలి మాట మా చెవిలో నిలిచిపోయినది. ఎందుకనగా ఈ సీమలో కోడి కాళ్ళు చూచువారు లేకపోలేదు. సంక్రాంతి పందెములకు పెంచు పుంజు సంగతి చూడుడు. దాని వన్నెను బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని పేర్లు. అది ఏ వన్నె పుంజుతో ఏనాడు తలపడవలెనో చెప్పుటకు కుక్కుటశాస్త్రము. ఉదయము ఈత, సాయంత్రము వేడినీళ్ళ కాపడము, బాదంపప్పులు, మాంసపు కైమా. దాని కాలిగోరు చిట్లినను ఇల్లంతయు కదలును. ఆ పందెములు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకును, మన రాష్ట్రపు 1974 నాటి జూద చట్టమునకును విరుద్ధములు. అయినను ఏటేట సంక్రాంతికి ఏమి జరుగునో శ్రోతలెరుగుదురు, మేము చెప్పనక్కరలేదు. మూడు దినములలో కత్తికి బలియగు పుంజుకు ఇన్ని ఉపచారములు చేయు చేతులున్నవి. ఏడాది పొడుగున గ్రుడ్డు పెట్టు పెట్ట కాలిని మాత్రము ఎవరును వంగి చూడరు. పుంజును సాకునది మగవారు, పెట్టను సాకునది ఆడవారు అనుటకన్న దీనికి వేరే కారణము మాకు తోచుటలేదు.

చూచుట సులభము. పగటివేళ నాటుకోడిని పట్టుకొనుట ఎవరితరము కాదు. ప్రొద్దుగ్రుంకి గూటిలోనో జామకొమ్మమీదనో కూర్చున్న తరువాత దానికి చూపు మందగించును. అప్పుడు బ్యాటరీ లైటు వేసి, ఒక్కొక్క కోడి కాలు నిమిరి చూడవచ్చును. గరుకుగా తగిలిన కోడిని, దాని ప్రక్కన కూర్చున్నవానిని రాత్రికే గంపలోనికి తీసి, చికిత్స మరునాటి ఉదయము ఎండ వచ్చిన తరువాత ప్రారంభింపవలెను. రాత్రిపూట కాళ్ళు తడిపి వదలరాదు.

చికిత్స చెప్పుటకు ముందు మేము చేసిన ఒక తప్పు ఒప్పుకొనవలసి యున్నది. మా ఇంట ఒకప్పుడు నాలుగైదు కోళ్ళుండెడివి. వానిలో ఒకదానికి ఈ జబ్బు వచ్చినది. పురుగని తెలిసినది గాని మందు తెలియదు. ఒక పాత పుస్తకమున కిరసనాయిలు పూయవలెనని చదివితిమి. ఆ పుస్తకము అబద్ధమాడలేదు. పూర్వము పాశ్చాత్యదేశములలో కిరసనాయిలును అవిసెనూనెలోనో పందికొవ్వులోనో కలిపి పూయుట వాడుకగా ఉండెడిది. కలుపు సంగతి మేము సరిగా చదువలేదు. వట్టి కిరసనాయిలులో కాళ్ళు ముంచితిమి. అది తొడవరకు ఎగబ్రాకి, ఈకల క్రింది మెత్తని చర్మమునంటి, మరునాటికి బొబ్బలెక్కినది. కోడి మూడు దినములు మేత ముట్టలేదు. బ్రతికినది గాని అటుపిమ్మట మమ్ము చూచినచో పెరడు దాటి పారిపోయెడిది. పట్టభద్రులమన్న పేరు మాకు ఆ విషయమున అక్కరకు రాలేదు. కనుక కిరసనాయిలు, పెట్రోలు, కాలిన ఇంజను నూనె, ఫినాయిలు వీనిలో దేనిని కాళ్ళకు పూయకుడు. పురుగుతో పాటు చర్మమును పోవును.

ఇక చేయవలసినది. ఇద్దరు మనుష్యులు కావలెను. ఒకరు కోడిని పాత తువాలులో చుట్టి, రెక్కలు కదలకుండ, తలమీద తువాలు చెంగు కప్పి ఒడిలో పట్టుకొనవలెను. చీకటి కమ్మిన కోడి పెనుగులాడదు. రెండవవారు ఒక గిన్నెలో గోరువెచ్చని నీరు తీసికొని అందులో ఒంటిసబ్బు కొంచెము కరగించవలెను. పసిబిడ్డకు నీళ్ళు పోయునప్పుడు వేడి ఎంత జాగ్రత్తగా చూచుకొందుమో ఇచటను అంత జాగ్రత్త కావలెను. కాళ్ళు రెండును ఆ నీటిలో పది నిమిషములు నాననీయవలెను. పెచ్చులు మెత్తబడినపిదప మెత్తని పాత పండ్లబ్రష్షుతో పైనుండి వ్రేళ్ళవైపునకు, అనగా పొలుసులు వాలియున్న దిక్కునకే, మెల్లగా రుద్దవలెను. ఎదురు రుద్దినచో పొలుసు చీలును. తానుగా ఊడివచ్చినది రావచ్చును. రానిదానిని గోటితో గిల్లి పీకరాదు. ఆ ఇల్లాలు మా కన్నుగప్పి ఒక పెచ్చు పీకనే పీకినది. క్రింద పచ్చి మాంసము కనబడి రక్తము చిమ్మగా, "అయ్యో" అని తానే చేయి తీసివేసినది. పీకిన చోట చీము పట్టుట సులభము. ఈ జబ్బున తొందరపాటు వలన కలుగు హాని పురుగు వలని హానికి తీసిపోదు.

కాళ్ళు పొడిగుడ్డతో అద్ది, ఎండలో ఆరనిచ్చి, తరువాత కొబ్బరినూనె పట్టించవలెను. కోనసీమ ప్రక్కననే ఉన్న మనకు దానికి కరవులేదు. నూనె పొలుసుల సందులలోనికి ఇంకునట్లు బ్రష్షుతోనే పూసి, పైన వాసెలిను దట్టముగా రాయవలెను. ఇందులో మహామంత్రమేమియు లేదు. ఈ పురుగునకు ఊపిరితిత్తులు గాని శ్వాసనాళములు గాని లేవు, చర్మము ద్వారానే గాలి పీల్చును. నూనెపొర కప్పినచో దానికి ఊపిరాడదు. వేపనూనె, కానుగనూనె వాడువారును కలరు. వానివలన దోషము లేదు గాని, పనిచేయునది ముఖ్యముగా నూనె యొక్క జిడ్డే గనుక దొరకిన నూనె వాడవచ్చును. పశువైద్యులు కొందరు గంధకము కలిసిన లేపనము వ్రాసి ఇత్తురు. అదియు మంచిదే.

ఒకసారి పూసి మానినచో ప్రయోజనము లేదు. ఇచటనే పదిమందిలో తొమ్మండుగురు తప్పుదురు. పైనున్న పురుగులు చచ్చినను లోపలి సొరంగములలోనివి మిగులును, అవి మరల పిల్లలు పెట్టును. కనుక మొదటి వారము ప్రతిదినము, పిదప రెండు మూడు దినములకొకసారి, నెల నెలన్నర వరకు పూయుచునే ఉండవలెను. నీటిలో నానబెట్టుట వారమునకు ఒకసారి చాలును. కంటికి కనబడు కోడికి మాత్రమే కాక, దానితో కలిసి గూటిలో ఉండు కోళ్ళన్నిటికిని పూయవలెను. ఆ పెరటిలో లైటు వేసి చూడగా మరి మూడింటికి వ్రేళ్ళ మొదళ్ళలో తెలుపు కనబడినది.

ఒక జాగ్రత్త. పొదుగు మీదనున్న పెట్టకు ఈ నూనె చికిత్స చేయరాదు. కాలి జిడ్డు గ్రుడ్డుకు అంటినచో పెంకులోని సన్నని రంధ్రములు మూసికొనిపోయి లోపలి పిల్లకు గాలి అందదు. కాళ్ళు బాగుచేసిన తరువాత పొదుగబెట్టుట గాని, పొదుగు ముగిసిన తరువాత కాళ్ళు చూచుట గాని చేయవలెను.

జబ్బు మిక్కిలి ముదిరినప్పుడు నూనె చాలదు. ఐవర్‌మెక్టిన్ అను మందు అప్పుడు పశువైద్యుడు ఇచ్చును. జపానులో ఒక చోట మట్టిలో దొరకిన సూక్ష్మజీవి నుండి పుట్టిన మందిది. దానిని వెలికితీసిన ఒమురా, క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. మనుష్యుల బోదకాలు నిర్మూలనకై ఇచ్చుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో సిఫారసు చేసిన మూడు మందులలోను ఇది ఒకటి. కోడికి బోదకాలన్న ఆ ఇల్లాలి మాటకు ఈ విధముగా ఒక చుట్టరికము కలిసినది. అయితే ఈ మందును అంగటిలో కొని మనమే కొలత వేసి పోయరాదు. పశువుల మోతాదు వేరు, పిడికెడు కోడి మోతాదు వేరు. మందు గ్రుడ్డులోనికి కూడ దిగును. ఎన్ని దినములు ఆ గ్రుడ్లు తినరాదో, అమ్మరాదో వైద్యుని అడిగి తెలిసికొని ఆ ప్రకారము పారవేయవలెను. నాటుగ్రుడ్డు అని నమ్మి పసిపిల్లలకు కొనువారున్నారు గదా. దగ్గరలో వైద్యుడు లేనిచోట 1962 అను నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము సంగతి చెప్పుదురు.

గూడు సంగతి క్లుప్తముగా చెప్పెదము. కోళ్ళు కూర్చుండు కర్రను దించి, బెరడు ఒలిచి, సందులు గీకి, వేడినీళ్ళు పోసి ఎండబెట్టవలెను. వీలైనచో పాతకర్రను కాల్చివేసి క్రొత్తది వేయుట మేలు. గూటికి సున్నము కొట్టి, క్రింది రెట్ట తీసివేసి, పొడి బూడిద గాని ఇసుక గాని చల్లవలెను.

కాలు వాచిన ప్రతి కోడికిని ఈ పురుగే అనుకొనరాదు. పొలుసులు నున్నగానే ఉండి, అరికాలు మాత్రము ఉబ్బి, నడుమ ఆనెకాయవలె నల్లని పెచ్చు కట్టినచో అది వేరు. ముల్లు గ్రుచ్చుకొనియో, ఎత్తుమీదనుండి సిమెంటు నేలకు దూకి దూకి ఒరిసికొనియో అరికాలిలో గాయమై, స్టెఫిలోకాకస్ అను సూక్ష్మజీవి చేరి చీము గట్టిపడుట వలన వచ్చునది. దానికి నూనె పనిచేయదు. లేతదైనచో గోరువెచ్చని నీటిలో నానబెట్టి, శుభ్రపరచి, మందు వేసి, గుడ్డ కట్టి, మెత్తని గడ్డిమీద ఉంచినచో తగ్గవచ్చును. ముదిరినదానిని కోసి తీయవలెను, అది వైద్యుని పని. ఇంటిలో బ్లేడు పట్టుకొనకుడు. ఒక కాలు మాత్రమే, అందులో ఒక వ్రేలు మాత్రమే వాచినచో ముందుగా దారము కొరకు వెదకుడు. దర్జీ దుకాణము ప్రక్కనుండు ఇండ్లలోను, వలలు అల్లు ఇండ్లలోను దారపుపోగు కోడి వ్రేలికి చుట్టుకొని, బిగిసి, మాంసములోనికి దిగి కనబడకుండును. మేము చూచిన ఒక కోడికి అట్లే వ్రేలు పోయినది.

వేరొకటి కలదు, దానిని తేలికగా తీసికొనరాదు. కాళ్ళమీద పొలుసుల క్రింద ఎఱ్ఱని, ఊదా వన్నె మచ్చలు ఉన్నట్టుండి కనబడి, తల వాచి, జుట్టు నీలమెక్కి, ఒక పూట తేడాతో కోళ్ళు పడిపోవుచున్నచో అది బర్డ్ ఫ్లూ కావచ్చును. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలము కానూరు అగ్రహారములోను, తణుకు మండలము వేల్పూరులోను ఆ వ్యాధి నిర్ధారణమై లక్షలాది కోళ్ళు పోవుట, కొన్నాళ్ళు కోడిమాంసము ముట్టువారే లేకపోవుట శ్రోతలు మరువలేదు. అట్టి కోడిని చేతితో పట్టి కాళ్ళు కడుగకుడు, కోయకుడు, కాలువలో పారవేయకుడు. వెంటనే పశువైద్యశాలకు తెలుపుడు. మేము పైన చెప్పిన గజ్జి నెలలమీద వచ్చునది, ఇది గంటలమీద వచ్చునది. ఈ ఒక్క తేడా గుర్తున్నను చాలును.

ధవళేశ్వరపు గట్టుక్రింది వారికిని, లంకల వారికిని మరొక కష్టకాలము గోదావరి వరద. 1986 ఆగస్టు వరద చూచినవారు ఇప్పటికిని ఆ నీటిగుర్తులు గోడలమీద చూపుదురు. 2022 జూలైలో బారేజి వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సాగినది. 10 లక్షలు దాటగనే మొదటి హెచ్చరిక వచ్చును. ఆ హెచ్చరిక వినగనే మనుష్యులు బియ్యము, బట్టలు, కాగితములు సర్దుకొందురు. కోళ్ళు గంపలలో గట్టుమీదికో డాబామీదికో ఎక్కును. పది కోళ్ళు ఒక గంపలో, నాలుగిండ్ల కోళ్ళు ఒక చూరుక్రింద వారము పది దినములు ఉండును. గజ్జి ఒక ఇంటినుండి మరొక ఇంటికి చేరుటకు ఇంతకన్న అనువైన సమయము లేదు. ఆ తడిలో, ఆ బురదలో అరికాళ్ళు మెత్తబడి పుండ్లు పడుటయు అప్పుడే. వరదలో ఎవరును కోడి కాలికి వాసెలిను రాయలేరు, రాయుమని మేము చెప్పబోము. నీరు తీసి, ఇంటిలోని ఒండ్రు ఎత్తిపోసి, మనుష్యులు కుదుటపడిన తరువాత ఒక రాత్రి లైటు తీసికొని కోళ్ళ కాళ్ళు చూడవలెనని మాత్రము చెప్పుచున్నాము. అప్పుడు సోకినది దసరానాటికి గాని కంటికి కనబడదు. అప్పటికి వరద సంగతి మరచి, కోడికి ఈ జబ్బు ఎచటనుండి వచ్చినదా అని ఆశ్చర్యపడుదుము. ఆ ఇల్లాలును తరువాత తలచుకొని, తన పెట్టలు శ్రావణమున వరదభయముతో ఎదురింటివారి కోళ్ళతో కలిసి డాబామీద తొమ్మిది రాత్రులున్నవని చెప్పినది.

ఎంతకాలమునకు కాళ్ళు మామూలగునని ఆమె అడిగినది. దురద, తెల్లపొడి రెండు మూడు వారములలో తగ్గును. కుంటు తగ్గుటకు నెల పట్టవచ్చును. లేచిన పొలుసులు మాత్రము తిరిగి అంటుకొనవు. కోడి ఏడాదికొకసారి ఈక రాల్చి క్రొత్త ఈక తొడుగునప్పుడు కాలిపొలుసులును మారును. అప్పుడు క్రొత్తవి నున్నగా వచ్చును. బాగుగా ముదిరినదానికి ఒక ఏడుతో తీరక రెండవ ఏటికి గాని కాలు చక్కబడదు. పొలుసు వంకరగా ఉన్నదని నూనె ఏడాదంతయు పూయనక్కరలేదు. క్రొత్త తెలుపు పుట్టుచున్నదా లేదా అన్నదే చూచుకొనవలెను.

సంక్రాంతి వెళ్ళిన పదునైదు దినములకు మరల ఆ వీధికి వెళ్ళితిమి. కోళ్ళబ్బాయికి ఆనాడు గోధుమవన్నె పెట్టను ఇవ్వలేదట. తీసికొందునన్న ధర విని తనకే కోపము వచ్చినదని ఆమె చెప్పినది. నూనె నలుబది దినములు పూసినది. తన మోకాళ్ళకు తైలము రాచుకొనునప్పుడు కోడి కాళ్ళకును కొబ్బరినూనె రాచుట అలవాటైనదట. "ముసిలోళ్ళిద్దరికీ ఒకేసారి అయిపోద్దండి" అన్నది. పెట్ట కాళ్ళు సన్నబడినవి, పొలుసులు ఇంకను ఎగుడుదిగుడుగానే ఉన్నవి. తక్కిన మూడింటికి తెలుపు పోయినది. పెట్ట వంటింటి మూల బుట్టలో పదకొండు గ్రుడ్లమీద కూర్చున్నది. వాసెలిను డబ్బా ప్రక్కననే ఉండగా చూచి, పిల్లలు దిగువరకు దానిని అటకమీద పెట్టించి వచ్చితిమి.